చిలకల వేలంలో కొన్న నాణెం

అనగనగా అంటే మరీ పాతకాలం అనుకుంటారేమో, అంత పాతది కాదు. పక్షులకు మాటలు వచ్చిన రోజులవి. మనుషులకు మాత్రం ఇప్పటిలాగే ఆశ ఉండేది.

ఆ రోజుల్లో తూర్పు సముద్రపు ఒడ్డున గవ్వలపాలెం అని ఒక రేవు ఉండేది. ఆ ఊళ్లో చేపలకు కరువు లేదు, ఉప్పుకు కరువు లేదు, మాటలకు అసలే కరువు లేదు. కరువల్లా బంగారు నాణేలకే. చేపలిచ్చి బియ్యం తెచ్చుకునేవారు, ఉప్పిచ్చి నూనె తెచ్చుకునేవారు. వరహా ముఖం ఒక్కసారైనా చూడకుండానే ముసలివాళ్లయిపోయినవారు ఆ ఊళ్లో ఎందరో.

ఆ రేవులో నూకాలమ్మ అనే ఆవిడకు ఒక ఓడ ఉండేది. తండ్రి కట్టించి ఇచ్చిన ఓడ. దాన్ని నడిపే సరంగు ఆమె తమ్ముడు దానయ్య. నావికులకు వండిపెట్టేవాడు ఎర్రయ్య. ఎర్రయ్య చేతి పులుసు కోసమే ఓడ ఎక్కేవాళ్లున్నారని ఊళ్లో చెప్పుకునేవారు. అది అబద్ధం కూడా కాదు.

గవ్వలపాలెంలో ఒక ఆచారం ఉంది. ఓడ బయలుదేరే పూట యజమాని ఒక బంగారు నాణెం తెచ్చి సరంగు మొలతాడుకు కట్టాలి. దాన్ని తిరుగు నాణెం అంటారు. గాలివానకు ఓడ దెబ్బతిని, ఎక్కడో పరాయి రేవులో చిక్కుబడితే, ఆ నాణెం మార్చుకుని, తిండి తిని, ఓడ బాగుచేసుకుని ఇల్లు చేరాలి. తిరుగు నాణెం లేని ఓడను ఏ నావికుడూ ఎక్కడు. నూకాలమ్మ తండ్రి నాటి నాణెం కిందటేడు తుఫానులో అక్కరకొచ్చి ఖర్చయిపోయింది. కొత్తది కొనాలి.

ఎక్కడ కొనాలి? రాజధాని కొండలకు అవతల ఉంది. పోయి వచ్చేసరికి ఓడలు నడిచే కాలం దాటిపోతుంది. అందుకని ఆమె చిలకల వేలం వైపు చూసింది.

చిలకల వేలం అంటే ఏమిటంటారా? దూరదేశపు వర్తకులు తమ దగ్గరున్న వస్తువు బొమ్మను గుడ్డ మీద గీయించి, చిలక మెడకు కట్టి ఎగరేసేవారు. చిలక ఊరూరా వాలి, బొమ్మ చూపి, అప్పటికి పలికిన ధర చెప్పేది. కావలసినవారు అంతకంటే పైధర చెప్పాలి. చిలక ఆ మాట మోసుకుని ఎగిరిపోయేది. చివరికి ఎవరి ధర ఎక్కువైతే వస్తువు వారిది. కొనేవాడు అమ్మేవాడి ముఖం చూడడు. వస్తువును ముట్టుకుని చూడడు. చూసేదల్లా బొమ్మ, వినేదల్లా చిలక పలుకు.

ఇందులో మోసం జరగకుండా పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. సొమ్ము మోయడానికి గూడబాతును పెట్టారు. దాని ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది కదా, కొన్నవాడి సొమ్ము అందులో ఉంటుంది. వస్తువు వచ్చి, కొన్నవాడు చూసుకుని, సరే అన్నాకే ఆ సొమ్ము అమ్మినవాడికి చేరుతుంది. గూడబాతుకు కూలి ఒక బుట్టెడు చేపలు.

ఒకనాడు మంచి నిగనిగలాడే చిలక ఒకటి వచ్చి నూకాలమ్మ ఇంటి చూరు మీద వాలింది.

"అమ్మా, హేమవతీ నగరపు కనకకేతు వర్తకుడి చిలకను. ఇదిగో, లక్ష్మీదేవి ముద్ర ఉన్న మేలిమి నాణెం. బయటి ధరలో సగానికే!" అంది.

గుడ్డ విప్పి చూస్తే బొమ్మలో నాణెం పొద్దున్నే లేచిన సూర్యుడిలా ఉంది. చిలక వెనకాలే ఇంకో నాలుగు చిలకలు వచ్చి కొబ్బరిమట్ట మీద కూర్చున్నాయి. "మా అయ్య కొన్నాడు, మేలిమి! మా అమ్మ కొంది, మేలిమి!" అని అరవసాగాయి. ఒకటి తానా అంటే మిగతావి తందానా.

నూకాలమ్మ మనసు కరిగింది. మూడేళ్లుగా ఎండుచేపలు అమ్మి కూడబెట్టిన వెండి ఉంది. ధర చెప్పింది. మర్నాటికల్లా చిలక తిరిగొచ్చి, "నాణెం నీదే" అంది.

"అయితే గూడబాతును పిలుస్తాను" అంది నూకాలమ్మ.

"దానికి బుట్టెడు చేపలు దండగ కదమ్మా" అంది చిలక మెత్తగా. "మా అయ్యగారి కాకులు వచ్చాయి, వాటికే ఇచ్చెయ్యి. చేపలు మిగులుతాయి. పైగా ధరలో ఇంకో నాలుగు వెండి కాసులు తగ్గిస్తాం."

చేపల రేవులో పుట్టి, చేపల రేవులో పెరిగిన మనిషి, బుట్టెడు చేపల దగ్గర లోభించింది. వినడానికి నవ్వొస్తుంది గానీ, మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? పెద్ద బేరంలో చిన్న మిగులు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. వెండి మూట కాకుల కాళ్లకు కట్టి పంపేసింది.

నాణెం వచ్చింది. బొమ్మలో ఉన్నట్టే ధగధగలాడుతోంది. దాన్ని పరీక్ష చేద్దామని ఎవరూ అనలేదు. అనరు కూడా. లక్ష్మి బొమ్మ ఉన్న నాణేన్ని గీటురాయి మీద గీస్తే ఆ ఇంట సిరి నిలవదని గవ్వలపాలెంలో గట్టి నమ్మకం. పంటితో కొరకడం అంటే ఇంకా పాపం. పసుపు రాసి, బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని తమ్ముడి మొలతాడుకు కట్టింది. ఓడ బయలుదేరింది.

వెళ్లిన ఓడ రావలసిన వేళకు రాలేదు. ఒడ్డున అందరి కళ్లూ కాయలు కాశాయి. చాలా ఆలస్యంగా, అతుకుల తెరచాపతో వచ్చింది. నావికులు ఒక్కొక్కరే దిగారు. అందరూ చిక్కి సగమయ్యారు. చివర దానయ్య దిగాడు. అతని వెనక ఇంకెవరూ దిగలేదు.

ఎర్రయ్య భార్య పోలమ్మ ఓడ దగ్గరకు వచ్చి లోపలికి తొంగిచూసింది. "మా ఇంటాయన ఏడీ?" అంది.

దానయ్య తల పైకెత్తలేదు. అక్క వైపు తిరిగి చెప్పాడు.

"గాలివానకి ముత్యాలదీవికి కొట్టుకుపోయాం అప్పా. ఓడకి చిల్లు పడింది. పూటకూళ్లావిడ ఒకర్తె మమ్మల్నందరినీ సాకింది. ఓడ బాగయ్యేదాకా అన్నం పెట్టింది. ఎల్లేటప్పుడు నాణెం తీసి ఇచ్చాను. ఆవిడికి మనలాగ పట్టింపులేటి? రాయి తీసుకుని బర్రుమని గీసింది. పైన బంగారం పూత, లోపలంతా సీసం!"

పైన పటారం, లోన లొటారం.

"తరవాత?" అంది నూకాలమ్మ.

"ఉప్పు ఇత్తామన్నాం, చేపలు ఇత్తామన్నాం. 'అవి మా దీవిలో లేవా? నగలు కూడా నాకొద్దు, ఏ నగలో ఏముందో ఎవరికి తెలుసు? ముద్ర నాణెం ఇత్తామని తిన్నారు, ముద్ర నాణెమే ఇయ్యండి' అంది. ఎవడో ఒకడు కుదువ ఉండాలంది. ఎర్రయ్య ముందుకొచ్చాడు. 'వంటోడు లేకపోయినా ఓడ నడుత్తాది, మీరెల్లండి' అన్నాడు. గాలి మళ్లేలోగా నిజమైన నాణెం తీసుకెళ్లకపోతే వాణ్ని సున్నపు బట్టీకి అమ్మేత్తాదట."

సున్నపు బట్టీ అంటే ఏమిటో ఒడ్డున ఉన్నవాళ్లందరికీ తెలుసు. అక్కడికి పోయినవాడి ఊపిరితిత్తులు రెండు వానాకాలాలు చూడవు.

పోలమ్మ ఏడవలేదు, తిట్టలేదు. నూకాలమ్మను ఒకసారి చూసి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి నూకాలమ్మ అరుగు మీద కూర్చుంది. ఆ మర్నాడూ వచ్చింది. ఏమీ అడగదు, ఏమీ అనదు. తిట్టినా బాగుండేదని నూకాలమ్మ కుమిలిపోయింది. ఆమె మిగుల్చుకున్నది బుట్టెడు చేపలు, నాలుగు వెండి కాసులు. దానికి బదులు ఒక మనిషి సముద్రానికి అవతల ఉండిపోయాడు. ఆ సంగతి ఆమెకు అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ గుర్తొచ్చేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. నూకాలమ్మ కాలిన చేతులతోనే మళ్లీ పొయ్యి దగ్గరకు పోవాలి. ఎందుకంటే నాణెం దొరికేది ఆ వేలంలోనే. కొబ్బరితోట తాకట్టు పెట్టి వెండి కూడేసింది. ఇది పోతే ఇక తేవడానికి ఏమీ లేదు.

కబురు తెలిసి చిలకలు వచ్చాయి.

ఒకటి వచ్చి, "సగం ధరకే!" అంది.

"బంగారాన్ని సగం ధరకు ఎందుకు అమ్ముతున్నాడు మీ అయ్య? నిండు ధర ఇచ్చేవాళ్లు లోకంలో లేరా?" అని అడిగింది నూకాలమ్మ.

చిలక తల అటు తిప్పి, ఇటు తిప్పి, "సగం ధరకే!" అంది మళ్లీ. నేర్పినంతవరకే దాని పలుకు. నూకాలమ్మ చీపురు తీసింది. చిలక ఎగిరిపోయింది.

తరవాత ఇంకోటి వచ్చింది. ఇది పెద్దమనిషి తరహా. మాట నెమ్మది, నడక నెమ్మది.

"అమ్మా, సత్యశీలుడు అనే వర్తకుడు పంపాడు. ఇదీ లక్ష్మి ముద్ర నాణెమే. ధర తగ్గించేది లేదు, నిండు ధర. సొమ్ము గూడబాతు దగ్గరే ఉంచండి. నాణెం చూసుకున్నాకే ఇవ్వండి. నచ్చకపోతే వాపసు తీసుకుంటాం. ఒక్కటే మాట. నాణెం మీద గీత గాని, గాటు గాని పడకూడదు. అమ్మవారు కదా!"

ఊరంతా మెచ్చుకుంది. పేరులోనే సత్యం పెట్టుకున్నవాడు, ధర సరిగ్గా చెప్పాడు, గూడబాతును కాదనలేదు, పైగా భక్తి! ఇంకేం కావాలి?

నూకాలమ్మ గూడబాతును పిలిచింది. ముసలి పక్షి. బుట్టెడు చేపలు ముందు పెడితే వాటి వైపు చూడకుండా ముందు మాట చెప్పింది.

"తల్లీ, నా సంచిలో ఉన్నంతసేపు ఈ వెండి నీదీ కాదు, వాడిదీ కాదు. నువ్వు సరే అన్నావా, ఇక నేను వెనక్కి తేలేను. తొందరపడకు."

నాణెం వచ్చింది. నూకాలమ్మ అరచేతిలో పెట్టుకుని చూసింది. మెరుపు సరే. త్రాసులో వేసింది. చెప్పిన బరువు చెప్పినట్టే ఉంది. కాస్త మందంగా ఉన్నట్టు తోచింది గానీ, పోల్చి చూద్దామంటే ఊళ్లో ఇంకో నాణెం లేదు.

"గీసి చూస్తాను" అంది.

ఊరి పెద్ద కర్ర నేలకు తాటించాడు. "వద్దు నూకాలూ! ఒక తప్పు చేసి ఊరికి కష్టం తెచ్చావు. ఇప్పుడు అమ్మవారి ఒంటి మీద గీత పెట్టి ఊరికి అరిష్టం తెస్తావా?"

"నిజమేనమ్మా" అంది చూరు మీద కూర్చున్న చిలక, వినయంగా. "పైగా గీత పడితే వాపసు లేదు."

గీస్తే ఊరు ఊరుకోదు, నాణెం వాపసు పోదు. గీయకపోతే నిజం తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూకాలమ్మ నాణెం కొంగున ముడివేసుకుని ఒడ్డుకు వెళ్లి కూర్చుంది. పోలమ్మ కూడా లేచి ఆమె వెనకే వెళ్లి, కాస్త ఎడంగా కూర్చుంది.

ఒడ్డు దగ్గర దానయ్య పడవలో నిలబడి లంగర్లు తీస్తున్నాడు. ఆ పడవకు రెండు లంగర్లు. ఒకటి రాయిది, ఒకటి ఇనుముది. ఒడ్డున తూస్తే రెండూ సరిసమానమే, ఆ సంగతి నూకాలమ్మకు తెలుసు, తూయించి చేయించింది ఆమే. కాని దానయ్య రాతి లంగరును నీళ్లలోంచి ఒంటిచేత్తో లాగేస్తున్నాడు. అది నీటి పైకి వచ్చాకే రెండో చెయ్యి వేశాడు. ఇనుప లంగరుకు మొదటినుంచీ రెండు చేతులూ కావలసి వచ్చాయి.

ఈ సంగతి ఆమె చిన్నప్పటినుంచి చూస్తున్నదే. రోజూ చూసేది ఎవరికీ కనబడదు. ఆ పూట కనబడింది.

"తమ్ముడూ, రెండూ ఒకటే బరువు కదరా. నీళ్లలో రాయి తేలికెందుకయింది?" అని అరిచింది.

"అదేటి ప్రశ్న అప్పా?" అని నవ్వాడు దానయ్య. "రాయికి ఒళ్లు పెద్దది. ఎంత ఒళ్లుంటే అంత ఎక్కువ మోత్తాది నీరు. ఇనుముది చిన్న ఒళ్లు. నీరు దాన్నెక్కడ పట్టుకుంటాది?"

నూకాలమ్మ లేచి నిలబడింది.

సీసం కూడా అంతే కదా! బంగారమంత బరువు తూగాలంటే సీసానికి బంగారం కంటే పెద్ద ఒళ్లు కావాలి. గాలిలో తూస్తే రెండూ సమానమే. నీళ్లలో తూస్తే?

తిన్నగా ఊరి పెద్ద దగ్గరకు వెళ్లింది. "బాబాయ్, మాఘ పున్నమికి దేవుళ్లను పల్లకిలో తెచ్చి సముద్రస్నానం చేయిస్తాం కదా. అది పాపమా, పుణ్యమా?"

"పుణ్యమే. అందులో సందేహమేమిటి?"

"అయితే ఈ అమ్మవారికీ స్నానం చేయిస్తాను. గీయను, కొరకను, గాటు పెట్టను."

ఊరి పెద్ద కర్రను చంకలో పెట్టుకుని ఆలోచించాడు. "చేయించు" అన్నాడు.

పెద్ద గంగాళం నిండా సముద్రపు నీళ్లు తెచ్చి వీధిలో పెట్టారు. ఒక తట్టలో నాణెం పెట్టి త్రాసు ఎత్తారు. రెండో తట్టలోకి నిజమైన బంగారం కావాలి. ఆడవాళ్లు తమ ముక్కెరలు, దుద్దులు తీసి ఇచ్చారు. అన్నీ ఆ ఊరి కంసాలి బతికున్న రోజుల్లో వాళ్ల కళ్లెదుట కరిగించి చేసినవే.

"లక్క పోసినవి వద్దు, బోలువి వద్దు. గట్టి బంగారమే వెయ్యండి" అంది నూకాలమ్మ, ఒక్కొక్కటే చూసి తీసుకుంటూ.

త్రాసు ఇంకా కొంచెం నాణెం వైపే మొగ్గుతోంది. పోలమ్మ ముందుకు వచ్చి తన ముక్కుపుడక తీసి వేసింది. ముల్లు నిటారుగా నిలబడింది. అటు నాణెం, ఇటు ఊరి బంగారం, సరికి సరి.

అప్పుడు నూకాలమ్మ త్రాసును మెల్లగా దించింది. రెండు తట్టలూ ఒక్కసారే నీళ్లలో మునిగాయి. బుడగలు పోయేదాకా ఆగింది.

ముక్కెరలు, దుద్దులు ఉన్న తట్ట నిబ్బరంగా కిందికి దిగింది. అమ్మవారి తట్ట పైకి లేచింది.

చిలక గొంతు సవరించుకుంది. "అమ్మవారికి ఈ ఊరి నీళ్లు పడలేదేమో..."

"పాలసముద్రంలో పుట్టిన తల్లికి నీళ్లు పడకపోవడమేమిటి?" అంది నూకాలమ్మ. "ఆ తల్లి బొమ్మను సీసం మీద పొదిగినవాడికి పడలేదు."

చిలక ఎగిరిపోయింది. నాణెం మీద గీత లేదు, గాటు లేదు. షరతు ప్రకారం వాపసు తీసుకోక తప్పదు. గూడబాతు దాన్ని తీసుకెళ్లి ఇచ్చేసి వచ్చింది. వెండి మూట నూకాలమ్మ ఒళ్లో పెట్టి, "ఆ సత్యశీలుడి ఇల్లు నేనెరుగుదును తల్లీ. మొన్నటిదాకా అందులో ఉన్నవాడి పేరు కనకకేతు. ఇల్లు అదే, మనిషీ వాడే, పేరొక్కటే కొత్తది" అంది.

వెండి దక్కింది. కాని ఎర్రయ్య ఇంకా ముత్యాలదీవిలోనే ఉన్నాడు. సాయంత్రాలు గాలి దిక్కు తడబడుతోంది. ఇంకొన్నాళ్లలో మళ్లిపోతుంది. పోలమ్మ అరుగు మీద కూర్చుని తెరచాపల వైపే చూస్తోంది. నూకాలమ్మకు ఏడుపు వచ్చింది. దొంగను పట్టుకుంటే ఊరు మెచ్చుకుంటుందేమో గాని, మనిషి ఇంటికి రాడు కదా.

అప్పుడొచ్చింది మూడో చిలక. ముసలిది. సగం ఈకలు రాలిపోయాయి. కొండల మీది రాతికోట నుంచి ఎగిరి వచ్చి రొప్పుతోంది. దాని మెడలో గుడ్డ మీద బొగ్గుతో గీసిన బొమ్మ. వంకరటింకరగా ఉంది.

"శేషమ్మ అనే ముసలమ్మ పంపింది" అంది రొప్పు తీరాక. "వాళ్ల తాతనాటి నాణెం. అంచు ఒకపక్క అరిగిపోయింది. అమ్మవారి ముఖం కూడా సగం అరిగింది. ఉండవలసిన దానికంటే గురిగింజ ఎత్తు తక్కువ తూగుతుంది. ఆ మేరకు ధర తగ్గించి చెప్పమంది. అంతకుమించి తగ్గించదట. గూడబాతు చేతనే సొమ్ము పంపమంది. ఏ పరీక్షయినా చేసుకోమంది. పరీక్షలో పాడైతే ఆ నష్టం తనదేనంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "అమ్మబోతూ వంకలు చెప్పే వర్తకురాలిని ఇక్కడే చూశాం!" అన్నాడొకడు.

నూకాలమ్మ నవ్వలేదు. ఇంతకాలానికి ఒక చిలక తన వస్తువులో లోపం చెప్పింది. అలాగని ఆ మాటకే మురిసిపోయి నమ్మేయనూ లేదు. లోపం చెప్పినవాళ్లు కూడా మోసం చేయవచ్చు. వెండి గూడబాతు సంచిలో వేసి, నాణెం తెప్పించింది.

మళ్లీ గంగాళం వచ్చింది, మళ్లీ త్రాసు వచ్చింది. ఊరి పెద్ద ఈసారి తనే నీళ్లు పోశాడు. నాణెం తేలిక కాబట్టి పోలమ్మ ముక్కుపుడక లేకుండానే ముల్లు నిలబడింది. త్రాసును నీళ్లలోకి దించారు.

తట్టలు రెండూ కదలలేదు. నీళ్లలోనూ సరికి సరి.

"సరే" అంది నూకాలమ్మ గూడబాతుతో. ఆ ఒక్క మాట కోసం పక్షి అంతసేపూ కాచుకుని ఉంది. రెక్కలు విప్పి కొండల వైపు ఎగిరిపోయింది.

ఆ పూటే దానయ్య ఓడ విప్పాడు. నావికులు ఎవరూ వెనకాడలేదు. నాణేనికి స్నానం చేయించినప్పుడు అందరూ అక్కడే ఉన్నారు మరి.

ఓడ వెళ్లింది. గాలి మళ్లింది. మళ్లిన గాలితోనే ఓడ తిరిగొచ్చింది. ఈసారి దానయ్య కంటే ముందు ఎర్రయ్య దిగాడు. మనిషి నల్లబడ్డాడు, గడ్డం పెరిగింది. పోలమ్మ పరుగెత్తలేదు. ఇసుకలో కూలబడి, ఇన్నాళ్లూ రాని ఏడుపంతా ఒక్కసారి ఏడ్చింది. ఎర్రయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. ఊరివాళ్లు కాసేపు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు.

తరవాత ఎర్రయ్య నూకాలమ్మ దగ్గరకు వచ్చాడు.

"సరంగు నాణెం తీసి పూటకూళ్లావిడ చేతిలో పెట్టాడమ్మా. ఆ అరిగిపోయిన ముఖం చూసేసరికి నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ రాయి తీసి గీత్తా ఉంటే, ఆ గీత నా గుండె మీద పడినట్టే అయింది. కళ్లు మూసుకున్నాను. తెరిచి చూత్తే రాయి మీద పచ్చటి చార. సరంగు మాత్రం గీయకముందే నా మూట సర్ది ఓడలో పెట్టించేశాడు! 'అంత ధీమా ఏటి?' అని అడిగితే, 'మాకు ముందే తెలుసురా' అన్నాడు."

నూకాలమ్మ అతని చేతులు రెండూ పట్టుకుంది. "మొదటిసారి పంపినప్పుడు నాకు ఏమీ తెలియదు ఎర్రయ్యా. మంచిదే అయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడానికి నిన్ను బలిపెట్టబోయాను" అంది. ఎర్రయ్య ఆమె చేతులు వదల్లేదు.

పరీక్షకు ముందు కలిగేది ఆశ, పరీక్ష చేశాక కలిగేదే నమ్మకం; కాబట్టి పిల్లలూ, ఆశ పుట్టినప్పుడు మూట గట్టిగా పట్టుకోండి, నమ్మకం కుదిరాకే విప్పండి.